సముద్రానికి అడంగల్ రాసేదెవరు?

మా రోజుల్లో సముద్రానికి పటం లేదు. దాని అవసరమూ రాలేదు. భీమిలికీ విశాఖపట్నానికీ మధ్య మా పేటలో పదేళ్ల గుంటణ్ణి నిద్రలేపి అడిగినా, రాయి ఎక్కడుందో, బురద ఎక్కడ మొదలవుతుందో, ఏ నెలలో ఏ చేప ఏ పక్కనుంచి వస్తుందో చెప్పేవాడు. ఇప్పుడు పటాలకు కొదవ లేదు. ఉపగ్రహం తీసిన పటం, ఓడరేవుల పటం, గనుల శాఖ పటం, చమురు బావుల పటం, తీరంలో కట్టడాలను నియంత్రించే సీఆర్‌జెడ్ పటం. ప్రతి దాంట్లోనూ సముద్రం మీద గీతలే. ఆ గీతల మధ్య మా వాళ్లు వలేసే చోటు చూపించమంటే మాత్రం ఒక్కరూ చూపించలేరు. నా కోపమంతా దాని మీదే.

ఎమర్జెన్సీకి ముందు ఫ్యాక్టరీ ఉద్యోగానికి బెంగళూరు వచ్చి ఇక్కడే ఉండిపోయినవాణ్ణి. మూడు వేల అడుగుల ఎత్తున, ఏ పక్కకు పోయినా ఒక రాత్రి ప్రయాణం చేస్తే గాని ఉప్పునీళ్లు కనపడని ఊళ్లో కూర్చుని సముద్రం గోల ఎందుకని మా వీధివాళ్లు అడుగుతుంటారు. ఎందుకంటే సముద్రాన్ని కొలిచే పని చాలా మటుకు ఇప్పుడు ఈ ఊరి నుంచే నడుస్తోంది. ఇస్రో కేంద్ర కార్యాలయం ఇక్కడే. 1999లో మొదటి ఓషన్‌శాట్, 2009లో రెండోది, 2022లో మూడోది పైకి పంపారు. అవి సముద్రపు రంగును కనిపెడితే, దాన్నిబట్టి నీటిలో మేత ఎక్కడుందో అంచనా కట్టి, హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వాళ్లు చేపలు దొరికే చోట్లు రేవురేవుకూ కబురు పెడతారు. పటాలు తయారుచేసే సాఫ్ట్‌వేరు కంపెనీల్లో పనిచేసే మన పిల్లలు మారతహళ్లి నుంచి వైట్‌ఫీల్డు దాకా ఎంతమందో. ఒడిశాలోని గంజాం తీరంలో, తెలుగు మాట్లాడే నోలియా జాలర్ల మధ్య తాబేళ్ల మీద, చేపల వేట మీద పనిచేసే దక్షిణ్ ఫౌండేషన్ కూడా 2008 నుంచి ఈ ఊరిదే. కాబట్టి నా గోల ఇక్కడ వినిపించడమే సబబు.

మా నాన్న చదువుకోలేదు. తెప్ప మీద నిలబడి ఒడ్డుకేసి చూసేవాడు. పడమటన తొట్లకొండ నెత్తి మీదికి దాని వెనకాల దూరపు కొండ గుబ్బ సరిగ్గా వచ్చిందా లేదా చూసుకునేవాడు. ఆ వరస చెదరకుండా తెప్పను లోపలికి తోయిస్తూ, దక్షిణం వైపు ఒక కన్నేసి ఉంచేవాడు. ఒడ్డు దగ్గరున్నంతసేపూ రుషికొండ అడ్డం కాబట్టి యారాడ కొండ కనపడదు. లోపలికి పోయేకొద్దీ రుషికొండ పక్కకు తప్పుకుని, వెనకనుంచి యారాడ కొండ ముక్కు బయటపడుతుంది. అది చిటికెన వేలంత కనపడగానే "ఆపండ్రా" అనేవాడు. రాతి గుండు కట్టిన తాడు దించి బారలు లెక్కపెట్టేవాడు. గుండు అడుగు తాకినప్పుడు తాడులో పుట్టే అదురు చేతికి తెలుస్తుంది. టక్కుమంటే రాయి, మెత్తగా దిగబడితే బురద, బరబరమంటే ఇసుక. అనుకున్న రాయి తగలకపోతే రెండు తెడ్లు వెనక్కి వేయించి మళ్లీ దించేవాడు. రెండోసారి తప్పడం నేను చూడలేదు.

ఆ రాళ్లకు పేర్లుండేవి. కొన్నిటికి అక్కడ దొరికే చేప పేరు, కొన్నిటికి మొదట కనిపెట్టినవాడి ఇంటిపేరు. రాయి దగ్గర గేలం, బురద మీద రొయ్యల వల, చలికాలంలో కానాగంతలూ కవ్వళ్లూ ఒడ్డుకు దగ్గరగా వచ్చినప్పుడు అలివి వల. ఒకే నీళ్లు నెలనెలకూ వేరే పనికి వచ్చేవి. ఇవాళ పటం గీసేవాడికి ఇది బొత్తిగా అర్థం కాదు. వాడికి ఒక చోటుకు ఒక రంగు పూయాలి. కోనాం దొరికే చోటు కార్తీకంలో ఒకలా, వైశాఖంలో ఒకలా ఉంటుందంటే ఏ రంగు వెయ్యాలని అడుగుతాడు.

హద్దులూ ఉండేవి. ఈ పేట వాళ్లు అలివి వల లాగే ఒడ్డు ఇంతవరకు, అవతలిది పక్క పేటది. పేటలోపల ఎవరి వంతు ఎప్పుడో ముందే తేల్చుకునేవారు. వంతు తప్పి వల దించినవాణ్ణి కులపెద్దలు పిలిచి తప్పు వేసేవారు. పులికాట్ సరస్సులో పాడు అనే పద్ధతి దీనికంటే పకడ్బందీగా ఉండేది. అక్కడ ఏ మడుగులో ఏ రోజు ఎవరు వల వేయాలో ఊళ్లే చీట్లు వేసి పంచుకునేవి. సముద్రాన్ని ప్రణాళిక ప్రకారం వాడుకోవడం ఏదో కొత్తగా కనిపెట్టినట్టు సెమినార్లలో మాట్లాడే వాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ప్రణాళిక ఉంది. దాన్ని కాగితం మీద పెట్టినవాడు లేడు, అంతే. ఆ రోజుల్లో అన్నీ సవ్యంగా ఉండేవని కూడా నేను అనను. పెద్ద కుటుంబాలకు మంచి వంతులు దక్కేవి. చేపలు ఎండబెట్టే ఇసుక మీద, గంపలు దించే జాగా మీద హక్కు ఎవరిదో తేల్చేటప్పుడు మా అమ్మను గాని, పేటలో ఇంకో ఆడమనిషిని గాని ఎవరూ అడగలేదు. ఆ మాట ఇప్పుడైనా చెప్పాలి. ఎందుకంటే కొత్త పటాలు కూడా వాళ్లను అడగడం లేదు.

ఇక ఇప్పటి సంగతి.

రుషికొండను తవ్వి, దాని మీద కట్టిన భవనాల గురించి రాష్ట్రమంతా వాదించుకుంది. పచ్చదనం పోయిందన్నారు, డబ్బు దుబారా అన్నారు, కోర్టులకు వెళ్లారు. ఆ కొండ ఒక ఆనవాలు అని, దాని భుజం చూసుకుని పడవ నిలిపేవాళ్లు ఉన్నారని ఆ వాదనల్లో ఎవరైనా అనగా నేను వినలేదు. ఎక్కడైనా రాసి ఉంటే కదా అనడానికి! మా ఒడ్డున తాటి తోపులు పోయాయి, వాటితో కొన్ని వరసలు పోయాయి. ఒకప్పుడు చీకట్లో ఒడ్డున వెలిగే నాలుగు దీపాలూ ఎవరెవరివో చెప్పగలిగేవాళ్లం. ఇప్పుడు బీచి రోడ్డు పొడుగునా వెలుతురే. కుర్రాళ్ల దగ్గర జీపీఎస్ ఉంది కాబట్టి వేటకు లోటు లేదంటారు. నిజమే, వేటకు లోటు లేదు. కానీ తండ్రి నోటినుంచి కొడుకు చెవికి పోవలసిన పేర్లు ఆగిపోయాయి. కుర్రాడి పెట్టెలో ఆ రాయి ఒక అంకె. ఆ పెట్టె నీళ్లలో పడితే ఆ అంకె కూడా ఉండదు.

చట్టం గీసిన గీతల సంగతి చూడండి. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం ప్రకారం ఒడ్డునుంచి 8 కిలోమీటర్ల లోపు నీళ్లు సంప్రదాయ పడవలవి. మర పడవలు ఆ అవతలే తిరగాలి, పెద్దవైతే 23 కిలోమీటర్లు దాటాలి. మంచి చట్టమే. మరి ఆ 8 కిలోమీటర్ల గీత నీళ్ల మీద ఎవరికి కనపడుతుంది? 2022 జనవరిలో విశాఖలో, చేపల గుంపును చుట్టేసి పట్టే రింగు వలల మీద జాలరిపేటల మధ్య రగిలిన గొడవ గుర్తుందా? పడవలు తగలబడ్డాయి, పేటల్లో 144 సెక్షన్ పెట్టారు. రింగు వల 8 కిలోమీటర్ల అవతలే వెయ్యాలన్నది దాంట్లో అసలు తగువు. రెండు పక్షాలూ మా వాళ్లే, చుట్టాలే. ఎవరి వేట ఎంతవరకు సాగుతుందో రెండు పేటలూ ఒప్పుకున్న పటం ఒకటి ముందే ఉండి ఉంటే నిప్పు పెట్టేదాకా పోయేది కాదని నా నమ్మకం.

గంజాంలో మన నోలియాల కష్టం ఇంకోరకం. ఒడిశాలో ధామ్రా, దేవి, రుషికుల్య నదుల మొగల దగ్గర ఏటా నవంబరు 1 నుంచి మే 31 దాకా, ఒడ్డునుంచి 20 కిలోమీటర్ల మేర వేట నిషేధం. ఆలివ్ రిడ్లీ తాబేళ్లను కాపాడాలి, కాదనను. రుషికుల్య ఒడ్డున తాబేటి గుడ్లకు కాపలా కాసిన వాళ్లలో ఆ జాలర్ల పిల్లలే ముందున్నారు. కానీ ఏడు నెలలు! ఏ వలకు తాబేలు చిక్కుతుంది, ఏ వలకు చిక్కదు, గుంపులు ఏ వారాల్లో ఏ దారిన వస్తాయి అన్నది ఆ ఒడ్డున ఉన్నవాడికి తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? ముందు వాళ్ల పటం గీసుకుని, దాని మీద తాబేళ్ల పటం పెట్టి చూస్తే, ఎక్కడ ఎప్పుడు ఆపాలో ఇంతకంటే సన్నగా తేలుతుంది.

గోదావరి మొగల దగ్గర చమురు, సహజవాయువుల పైపులు వేస్తుంటే వేట పోయిందని కాకినాడ, కోనసీమ మత్స్యకారులు మొత్తుకున్నారు. ఓఎన్‌జీసీ పైపులైను పనుల వల్ల నష్టపోయిన 23,458 కుటుంబాలకు నెలకు 11,500 రూపాయల లెక్కన నాలుగు నెలల పరిహారం 2022 మేలో అందింది. మొత్తం దాదాపు 108 కోట్లు. డబ్బు వచ్చింది, సంతోషం. అయితే ఆ నీళ్లలో ఎవరు వేటాడుతున్నారన్న లెక్క పైపు వేసిన తర్వాత తీయడమేమిటి? భూమి మీద కాలవ తవ్వాలంటే ముందు అడంగల్ చూస్తారు, ఏ సర్వే నెంబరులో ఎవరి సాగు ఉందో రాసుకుంటారు. సముద్రంలో 23,458 కుటుంబాలు తరతరాలుగా సాగు చేస్తున్న నీళ్లకు ఒక్క కాగితం ముక్క లేదు.

కేరళలో కొల్లం దగ్గర ఇదే జరగబోయింది. కేంద్ర గనుల శాఖ 2024 నవంబరులో సముద్రగర్భంలోని 13 బ్లాకులకు వేలం ప్రకటించింది. అందులో మూడు కొల్లం తీరపు ఇసుక బ్లాకులు. కొల్లం పరప్పు అని ఆ వేట జలాలకు మత్స్యకారులు పెట్టుకున్న పేరుంది, ఆ పేరుకు పెద్ద చరిత్ర ఉంది. వేలం కాగితంలో అది వట్టి బ్లాకులే. 2025 ఫిబ్రవరిలో తీరం తీరమంతా హర్తాళ్ చేసింది. వాళ్ల చేతిలో మనకు లేనిది కొంత ఉంది. తిరువనంతపురం వైపు రాబర్ట్ పనిపిళ్ల లాంటి వాళ్లు ముసలి మత్స్యకారుల దగ్గర కూర్చుని, సముద్రగర్భంలోని రాతి గుట్టల పేర్లూ ఆనవాళ్లూ రాసిపెట్టారు. మా నాన్న కొండలు చూసి పడవ నిలిపిన విద్య అక్కడా ఉంది. అక్కడ దాన్ని రాసినవాడు దొరికాడు. మన వైపు దొరకలేదు.

చట్టంలో చోటు లేదా అంటే, ఉంది. 2011 నాటి సీఆర్‌జెడ్ నోటిఫికేషనులో నీళ్లలో వేట జరిగే చోట్లు, చేపలు గుడ్లు పెట్టే చోట్లు స్పష్టంగా గుర్తించాలని రాశారు. మత్స్యకార గ్రామాలు, వాళ్ల ఉమ్మడి స్థలాలు, చేపలు ఎండబెట్టే జాగాలు స్థానిక పటాల్లో చూపాలని కూడా రాశారు. మా అమ్మ చేపలు ఎండబెట్టిన ఇసుక అన్నమాట. కలం పట్టినవాడెవడో మంచివాడు. గీత గీసేవాళ్లకు ఆ వాక్యం చేరలేదు. నేను చూసిన తీర పటాల్లో ఒడ్డునుంచి 12 నాటికల్ మైళ్ల దాకా ఒకే నీలం. రాయి లేదు, బురద లేదు, పేరు లేదు.

ఇంకోపక్క ఒడ్డును మాత్రం సన్నంగా కొలిచారు. మొన్నటిదాకా ఆంధ్ర తీరం 974 కిలోమీటర్లని పిల్లలు బళ్లో వల్లెవేసేవారు. ఇప్పుడు 1,053. తీరం పెరగలేదు, కొలబద్ద సన్నబడింది, అంతకుముందు లెక్కకు రాని వంపులన్నీ లెక్కలోకొచ్చాయి. ఇసుక వంపుల కోసం అంత ఓపిక పట్టిన ప్రభుత్వం, ఆ ఇసుక మీద బతికేవాళ్ల నీళ్ల కోసం అందులో సగం ఓపిక పట్టలేదా?

కిందటి సంక్రాంతికి ముందు ఆదివారం మా మనవరాలు మా నాన్న రాళ్లను పటం మీద పెట్టే పనికి పూనుకుంది. పటాల సాఫ్ట్‌వేరు ఆమె ఉద్యోగమే. "తాతా, నువ్వు చెప్పు, నేను పెడతాను" అని కంప్యూటరు ముందు కూర్చోబెట్టింది. తొట్లకొండ, దాని వెనకాల దూరపు కొండ, రుషికొండ, యారాడ కొండ తెర మీద కనపడ్డాయి. వరస చెప్పాను. కొండనుంచి కొండకు గీత లాగి సముద్రంలోకి పొడిగించింది. రెండు గీతలు కలిసిన చోట చుక్క పెట్టింది. మా నాన్న గుండు దించిన చోటు అది! నా ఒళ్లు జలదరించింది. సరిచూసుకుందామని ఊళ్లో తమ్ముడి వరస అయిన వాడికి ఫోను చేశాం. ఇప్పటికీ వేటకు పోయే మనిషి. అంతా విని, "అది సరే అన్నియ్యా, ఆ చుక్క ఎవరికి చూపిస్తారు?" అన్నాడు. "కంప్యూటర్లో పెడితే రేపు పెద్ద బోటోడు వచ్చి రాయంతా ఊడ్చుకుపోతాడు. పేటలో పెద్దోళ్లని అడక్కుండా నేను ఔననీ అనను, కాదనీ అనను."

వాడి మాటలో చాలా న్యాయం ఉంది. 2024 ఆగస్టులో ప్రధాని చేతుల మీదుగా మొదలుపెట్టిన పథకం కింద లక్ష పడవలకు ఇస్రో పరిజ్ఞానంతో చేసిన ట్రాన్స్‌పాండరు పెట్టెలు బిగిస్తున్నారు. తుపాను హెచ్చరిక, సరిహద్దు హెచ్చరిక, ఆపదలో సాయం. ఇవన్నీ కావలసినవే. 2018లో గుజరాత్ బోట్ల మీద కూలికి పోయిన శ్రీకాకుళం, విజయనగరం కుర్రాళ్లు కనపడని గీత దాటారని పాకిస్తాన్ జైల్లో పడి, 2020 జనవరికి గాని వాఘా దాటి రాలేదు. అలాంటివాళ్ల చేతిలో ఈ పెట్టె ఉంటే మేలే. అయితే పడవ ఎక్కడ ఆగింది, ఎంతసేపు ఆగింది అన్న జాడ కూడా పెట్టె చెబుతుంది. ఆ జాడ ఎవరి ఆస్తి? మా రోజుల్లో రాయి ఆనవాలు కొడుక్కి చెప్పేవారు, అల్లుడికి ఆలోచించి చెప్పేవారు. ఇవాళ అది ఏ సర్వరులో పడుతుందో జాలరికి తెలియదు.

దీనికి మార్గం లేకపోలేదు. సన్నపాటి చుక్కలున్న పటం పేట దగ్గరే, పెద్దల చేతిలో ఉండాలి. బయటికి ఇచ్చే పటంలో చుక్క బదులు విశాలమైన మేర చూపాలి. ఈ మేరలో ఈ నెలల్లో, ఈ వలతో, ఇన్ని పేటలు వేటాడతాయి. రేవు కట్టేవాడికీ, ఇసుక తవ్వేవాడికీ, గాలిమరలు పాతేవాడికీ తెలియాల్సింది అంతవరకే. మన తెలుగువాళ్లు గిర్మిట్ కూలీలుగా వెళ్లిన ఫిజీలో స్థానిక తెగల ఆచారపు వేట జలాలు నాలుగొందలకు పైగా పటాలకెక్కి, ప్రభుత్వ రికార్డుల్లో ఉన్నాయి. మన దేశం కూడా 2019లో నార్వేతో ఒప్పందం చేసుకుని, పుదుచ్చేరి, లక్షద్వీపాల్లో సముద్ర స్థల ప్రణాళికకు పూనుకుంది. ఆంధ్ర తీరం వంతు వచ్చేసరికి మా పేటల పటాలు సిద్ధంగా లేకపోతే, ఎవరో తెచ్చిన పటం మీద మా పేటలను వెతుక్కోవాలి.

ఇలా రాసిపెట్టకపోతే ఏమవుతుందో బెంగళూరులో ఉన్నవాడికి వేరే చెప్పనక్కర్లేదు. మెజెస్టిక్ బస్టాండు ఒకప్పటి ధర్మాంబుధి చెరువు. కంఠీరవ స్టేడియం ఒకప్పటి సంపంగి చెరువు. ఆ చెరువు నీటితో తోటలు పండించినవాళ్లు, దాని మట్టితో ఇటుకలు చేసినవాళ్లు ఉన్నారని హరిణి నాగేంద్ర లాంటి పరిశోధకులు పాత కాగితాలు తిరగేసి చెబితే గాని ఈ తరానికి తెలియలేదు. కరగ పండుగ కోసం మిగిల్చిన చిన్న మడుగు ఒక్కటే ఇప్పుడక్కడ ఉంది. వాడుకునేవాడి పేరు రాయని నీళ్లను ఎవడైనా ఖాళీ జాగా అంటాడు.

ఈ ఊళ్లో పటాల పని తెలిసిన ఉత్తరాంధ్ర పిల్లలు, గోదావరి పిల్లలు, నెల్లూరు పిల్లలు వేలల్లో ఉన్నారు. బాబూ, అమ్మా, మీకు చెబుతున్నాను. ఈసారి ఊరెళ్లినప్పుడు పేటలో వేట మానేసి ఇంట్లో కూర్చున్న పెద్దల దగ్గరికి వెళ్లండి. ముందు కులపెద్దల అనుమతి అడగండి. రాళ్ల పేర్లు వాళ్ల మాటల్లోనే, తెలుగులోనే రాయండి. చేపలు ఎండబెట్టే ఆడవాళ్లను విడిగా అడగండి. రాసిన పటం మొదటి ప్రతి ఊళ్లో ఇచ్చి రండి. మా పేటలో ఆ కొండల వరసలు చూసి పడవ నిలపగలవాళ్లు ఇప్పుడు ముగ్గురే ఉన్నారు. ముగ్గురికీ డెబ్బై దాటింది.